మూడో ముక్క

ఆయన పోయిన సంగతి నాకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో ఫొటో పెట్టి, కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. ఫొటోలో ఆయన పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు. నేను ఐదేళ్ళు ఆయన పక్క బల్ల దగ్గర పనిచేశాను. ఆ నవ్వు ఎప్పుడూ చూడలేదు. ఏ పెళ్ళిలోనో ఫొటోగ్రాఫర్ పట్టుబట్టి నవ్వించి ఉంటాడు.

నాకు తెలిసిన ముఖం వేరు. కింది పెదవి లోపలికి మడిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఎదుటివాళ్ళు చెప్పేదంతా విని, చివర్లో మెల్లగా ఒక్క ప్రశ్న అడిగే ముఖం. ఆ ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే.

"ఎవరి నించి?"

మేం రాసిన కాగితాల్లో 'డబ్బు పూర్తిగా భద్రం' అని ఎక్కడ కనిపించినా, దాని కింద పెన్సిల్‌తో గీత గీసి పక్కన అదే రాసేవారు. ఒకసారి నెహ్రూ చౌక్ దగ్గర టీ తాగుతుంటే ఎదురుగా ఒక కొత్త ఫైనాన్సు వాళ్ళ బోర్డు కనిపించింది. 'మీ బంగారం మా దగ్గర భద్రం' అని ఉంది. ఆయన గ్లాసు పట్టుకుని చాలాసేపు దాన్ని చూశారు. "ఎవరి నించో రాయలేదు సూడమ్మా" అన్నారు. తమాషాకి అన్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా ఆఫీసు అనకాపల్లిలో బెల్లం మార్కెట్ దాటాక, ఎరువుల కొట్టు పైన మేడ మీద ఉండేది. లాక్‌డౌన్‌లో ఇళ్ళకు వచ్చేసిన వాళ్ళం ఐదుగురం తిరిగి హైదరాబాదు వెళ్ళలేమంటే, కంపెనీ ఇక్కడే రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఓనరుని మేం తెర మీద తప్ప ఎప్పుడూ చూడలేదు. చేసే పని క్రిప్టో నాణేలు దాచుకునే వాలెట్ యాప్. ఆయన దాన్ని తయారుచేసే పెద్ద ఇంజనీరు, నేను దాన్ని పరీక్షించే మనిషిని. ఆయనది కె. కోటపాడు దగ్గర చెరకు రైతుల కుటుంబం. రోజూ బండి మీద వచ్చేవారు.

నేను ఈ పనిలోకి మారిన మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి చేతి గడియారం, కళ్ళద్దాలు, పెన్ను తీసి బల్ల మీద వరసగా పెట్టారు.

"దీనికి బ్యాంకు లేదు, మేనేజర్ లేడు. తాళం ఎవడి దగ్గరుంటే సొమ్ము ఆడిది. తాళం పోతే సొమ్ము ఎవడిదీ కాదు. అందుకని మనం తాళాన్ని మూడు ముక్కలు సేసేం. గడియారం ఆసామి ఫోన్లో ఉన్న ముక్క. అద్దాలు మన సర్వర్లో ఉన్న ముక్క. పెన్ను ఆసామి కాయితం మీద రాసుకున్న ముక్క, పన్నెండు మాటలు. మూడిట్లో ఏ రెండు కలిసినా పెట్టి తెరుచుకుంటాది. ఒక్కటే ఉంటే తెరుచుకోదు."

యూజర్ అనే మాట ఆయన నోట నేను వినలేదు. ఎప్పుడూ ఆసామే.

గడియారం తీసి జేబులో వేసుకున్నారు. "ఫోను పోయింది. ఇప్పుడు?"

"కాగితం, సర్వర్" అన్నాను.

గడియారం మళ్ళీ పెట్టి, అద్దాలు తీశారు. "నేను సచ్చిపోయేను. కంపెనీ మూసీసేరు. సర్వర్ లేదు. ఇప్పుడు?"

"ఫోను, కాగితం."

"ఇప్పుడు సరిగ్గా విను. మన దగ్గరున్నది ఒక్క ముక్కే. అంటే మనం దొంగలమైనా ఆసామి సొమ్ము తియ్యలేం. నువ్వు పరీక్ష సెయ్యాల్సింది అదొక్కటే. మిగతావన్నీ రంగులూ బొత్తాలూ."

శుక్రవారం మధ్యాహ్నాలు మాకు చెప్పకుండా లేచి, పరీక్షల కోసం గదిలో పెట్టిన సర్వర్ కేబుల్ లాగేసేవారు. పని మధ్యలో అందరి తెరలూ ఆగిపోయేవి. ఆయన కేబుల్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "సర్వర్ సచ్చిపోయింది. ఆసామి ఏటి సేత్తాడు?" అనేవారు. మేం ఫోనూ కాగితంలోని మాటలూ కలిపి డబ్బు బయటికి తీసి చూపించేదాకా తిరిగి పెట్టేవారు కాదు. ఒక శుక్రవారం మాకు సాయంత్రం ఏడైంది. కింద కొట్టువాడు షట్టరు దించుతున్న చప్పుడు వినిపిస్తున్నా ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

ఓనరుకి ఆ కాగితం నచ్చేది కాదు. యాప్ తెరిచిన కొత్తవాళ్ళు పన్నెండు మాటలు రాసుకోమనే చోటికి వచ్చేసరికి విసుగొచ్చి మూసేస్తున్నారనేవాడు. మూడో ముక్క కూడా మన దగ్గరే దాచుదాం, ఫోను పోతే వాళ్ళకి మనమే తెచ్చిపెడదాం, ఎంత సుఖం అనేవాడు. ఆయన ప్రతిసారీ తెర వైపు చూసి, "అప్పుడు రెండు ముక్కలు మన దగ్గరే ఉంటాయి కదండీ" అనేవారు. అక్కడితో మాట ఆగిపోయేది. రెండేళ్ళు అలాగే ఆగింది.

తర్వాత నూకరత్నం వచ్చింది.

పరవాడ దగ్గర ఊరు. భర్త ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు. బస్సు దిగి రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. మనిషీ పోయాడు, ఫోనూ నుజ్జయిపోయింది. తోటి పనివాళ్ళతో కలిసి అతను నెలనెలా మా యాప్‌లో దాచుకునేవాడని ఆమెకి వాళ్ళు చెప్పారు. మా అడ్రసు కూడా వాళ్ళే ఇచ్చారు. ఆమె మెట్లెక్కి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ చూపించినా కింద కూర్చుంది.

"బాబూ, మా ఆయన మీ కాడ దాసేడట. నాను సదువుకోనేదు. ఎక్కడ సంతకం ఎట్టమంటే అక్కడ ఎడతాను."

ఆయన కుర్చీ వదిలి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. గడియారం, అద్దాలు, పెన్ను తియ్యలేదు. "ఇంట్లో ఏదైనా కాయితం ఉందా తల్లీ? ఇంగ్లీషులో పన్నెండు మాటలు రాసున్నది?"

ఆమెకి తెలియదు. మర్నాడు ఆయనా నేనూ ఆ ఇంటికి వెళ్ళాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెతికాం. ఇనప్పెట్టె, బియ్యం డబ్బా అడుగు, దేవుడి పటాల వెనక, పిల్లల పుస్తకాలు, గోడ మీది పాత క్యాలెండర్లు, కంపెనీ వాళ్ళిచ్చిన సంచీ. ఆయన ప్రతి కాగితం ఎండలోకి తీసుకెళ్ళి రెండువైపులా చూసి, మళ్ళీ ఎలా ఉన్నది అలాగే మడిచి పెట్టేవారు. చివరికి ఆమె ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళి ఒక చొక్కా తెచ్చింది. "ఈ జేబులో ఎప్పుడూ ఓ ముక్క ఎట్టుకునేవోడు బాబూ. నానే ఉతికీసేను."

జేబులో గట్టిపడిన తెల్లటి ఉండ ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో విప్పడానికి చూశారు. పొడిగా రాలిపోయింది.

"సొమ్ము మీ కాడే ఉంది కదా బాబూ" అంది ఆమె. కోపంగా కాదు. అర్థం కాక అడిగింది. "ఇనపెట్టి మీదే, తాళమూ మీదే. మీరు తియ్యలేరేటి?"

"తియ్యలేనమ్మా."

"తియ్యలేనట్టు ఎవురు సేసేరు?"

ఆయన అరచెయ్యి మూశారు. "నేనే" అన్నారు.

తిరుగు బస్సులో ఆయన నా ముందు సీట్లో కూర్చుని, అరచెయ్యి తెరిచి చూసుకుంటూ ఉన్నారు. ఆ పొడి ఇంకా గీతల్లో ఉంది.

వారం తిరక్కుండా ఓనరు మాటకి ఒప్పుకున్నారు. నేను నమ్మలేకపోయాను. ఒక షరతు పెట్టారు. మూడో ముక్కలన్నీ వేరే యంత్రంలో ఉండాలి. దానికి తాళం ఆయన దగ్గర మాత్రమే ఉండే ఒక చిన్న పరికరం, బొటనవేలంత ఉంటుంది. ఎవరికైనా ఫోను పోతే ఆయన స్వయంగా వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళేనని నమ్మకం కుదిరాక, ఆ పరికరం గుచ్చి ఆ ఒక్కరి ముక్క తీసి ఇస్తారు. ఓనరు వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నందుకే నాకు కొంచెం భయం వేసింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఆయన ఫోన్లలో ఆసాములని అడిగే ప్రశ్నలు వినడానికి మేం పని ఆపేవాళ్ళం. "మీ ఇంటి ఎదురుగా ఏటుంది? ఆ కొట్టాయన పేరేటి? కిందటి నెల మీరు ఎవరికి పంపేరు, ఎందుకు పంపేరు?" రాజయ్యపేట నుంచి ఒక చేపల వేటగాడు, సముద్రంలో ఫోను జారిపోయినవాడు, డబ్బు తిరిగి దొరికాక ఎండు చేపల సంచీతో వచ్చాడు. ఆఫీసంతా రెండు రోజులు అదే వాసన. ఆయన మాత్రం ఆ సంచీ చూసి, "నన్నెవరూ గుర్తు పెట్టుకోకూడదమ్మా" అన్నారు. "ఆ ముక్కలు నా కాడున్నాయని ఊళ్ళో తెలవకూడదు."

అప్పటికే తెలిసిపోయింది.

ఆయన మారడం అక్కడి నుంచే మొదలైంది. పరికరాన్ని మొలతాడుకి కట్టుకున్నారు. వచ్చే దారి రోజూ ఒకటి కాకుండా మార్చేవారు. ఎవరు టీకి పిలిచినా వెళ్ళడం మానేశారు. మేడ మెట్ల మీద అడుగుల చప్పుడైతే, ఎవరో కనిపించేదాకా కీబోర్డు మీద చెయ్యి వేసేవారు కాదు. శుక్రవారాలు కేబుల్ లాగడం కూడా మానేశారు. ఎందుకని అడిగితే, "ఇప్పుడు సర్వర్ సావక్కర్లేదమ్మా. నా బండి బ్రేకు పడకపోతే సాలు" అన్నారు.

ఓనరు ఫోన్లు పెరిగాయి. ఒక రోజు, ఎక్కువ డబ్బున్న ఆసాముల పేర్లు పంపమన్నాడు. వాళ్ళకి ప్రత్యేకమైన సేవ చేస్తామన్నాడు. ప్రతి లావాదేవీకీ ఫోనుతో సర్వర్ ముక్క కూడా కలవాలి, అంటే అన్నీ దానికి కనిపిస్తాయి, కాబట్టి ఆ జాబితా తీయడం రెండు నిమిషాల పని. ఆయన తీయలేదు. ఆ తర్వాత, ఆడిట్ ఉంది, ఆ పరికరం కొరియర్లో హైదరాబాదు పంపమన్నాడు. పంపలేదు. పోనీ, దానికి ఇంకో జత చేయించమన్నాడు. తెర మీద ఓనరు ముఖం ఎప్పటిలాగే నవ్వుతూనే ఉంది. "మీకేదైనా అయితే ఎలా సార్? మీ మంచికే చెప్తున్నాను" అన్నాడు.

కాల్ అయిపోయాక ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. "నాకేటైనా అయితే అన్నాడు. ఇన్నావా?"

"విన్నాను సార్."

"ఎప్పుడూ అనలేదు ఆ మాట."

మర్నాడే మేమిద్దరం ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టాం. యాప్‌లో ఒక కొత్త బొత్తం పెట్టాం. నొక్కితే ఆసామి మూడో ముక్క పన్నెండు మాటలుగా వాళ్ళ తెర మీద కనిపిస్తుంది. రాసుకోవాలి. ఏడు రోజుల తర్వాత మా దగ్గరున్న ప్రతులన్నీ చెరిపేస్తామని అందరికీ సందేశం పంపాం. ఓనరుకి రెండో రోజు తెలిసింది. అతని ఫోన్లు ఎత్తడం ఆయన మానేశారు.

ఏడో రోజు మధ్యాహ్నానికి మిగతా ముగ్గురూ ఆఫీసుకి రావడం ఆపేశారు. గదిలో మేమిద్దరమే. తెర మీద ఇంకా రాసుకోనివాళ్ళ వరస కనిపిస్తోంది. చాలామందే ఉన్నారు. ఆయన పరికరం గుచ్చి, ఆ వరస పైనుంచి కిందికి ఒకసారి చదివారు, హాజరు పట్టీ చదువుతున్నట్టు.

"వీళ్ళ సంగతి ఏమిటి సార్? ఇంకొన్నాళ్ళు ఆగుదాం" అన్నాను.

"ఫోనూ సర్వరూ ఉన్నంత కాలం ఈళ్ళకేటీ అవదు."

"సర్వర్ తీసేస్తే?"

"తీసెత్తే పోతాది." కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఉంచితే అందరిదీ పోతాది. రేపో ఎల్లుండో ఎవడో నా సెయ్యి ఇరిసి తీసుకుంటాడు. నేను ఎంతసేపు ఓర్సుకుంటానో నాకు తెలీదమ్మా. ఆ సంగతి యంత్రంలో రాయలేం."

చెరిపేశారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తర్వాత పరికరాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, కింద కొట్టు నుంచి తెచ్చిన తూకం రాయితో కొట్టారు. మూడో దెబ్బకి పగిలింది.  నేను మంచినీళ్ళు ఇస్తే సగం చొక్కా మీద పోసుకున్నారు.

మర్నాడే సర్వర్ ఆగిపోయింది. ఓనరు నంబరు పనిచేయలేదు, సర్వర్‌లోని ముక్కలు అతని దగ్గరే ఉండిపోయాయి. పన్నెండు మాటలు రాసుకున్నవాళ్ళు ఫోనూ కాగితం కలిపి తమ డబ్బు తీసుకున్నారు. రాసుకోనివాళ్ళ దగ్గర ఒక్క ముక్క మిగిలింది.

వాళ్ళలో మా మేనమామ ఒకడు. బెల్లం కొట్టు ఆయనది. నేను ఈ ఆఫీసులో ఉన్నానన్న నమ్మకంతోనే అందులో పెట్టాడు. ఏడు రోజులూ ఆ సందేశం ఆయన ఫోన్లో ఉంది. నొక్కలేదు.

"మాటలు సూపించమనీ, రాసుకోమనీ మెసేజీలొత్తే మోసం, ముట్టుకోకని నువ్వే సెప్పేవు కదే" అన్నాడు.

నిజమే. నేనే చెప్పాను. ఆ వారంలో మావయ్యకి ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఎవరికీ విడిగా చెప్పకూడదని, అందరికీ ఒకే సందేశం వెళ్ళాలని మేం అనుకున్నాం. మావయ్య తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఆటో ఎక్కుతాను.

ఓనరు దొరకలేదు కాబట్టి జనం సార్ ఇంటికి వెళ్ళారు. ఆయన దాక్కోలేదు. అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పేవారట. కొందరు తిట్టారు. ఒకడు చెయ్యి చేసుకున్నాడు. పోలీసులు రెండుసార్లు పిలిచారు. నేను వెళ్ళి కనిపించినప్పుడు గడ్డం పెరిగి ఉంది, ఎడమ చెంప మీద కమిలిన మచ్చ ఉంది. "నూకరత్నం కూడా వచ్చింది" అన్నారు. ఆమె ఏమీ అడగలేదట. ఇంత దూరం వచ్చి, ఆయన భార్య ఇచ్చిన మజ్జిగ తాగి, "నాదైతే ముందే పోనాది బాబూ, మీ మీద నాకు కోపం నేదు" అని చెప్పి వెళ్ళిపోయిందట. 

కొన్నాళ్ళకి కె. కోటపాడు రోడ్డులో, పట్టపగలు, ఆయన బండిని వెనక నుంచి ఏదో బండి గుద్దింది. ఏ బండో ఎవరూ చూడలేదు. చెరకు లారీలు తిరిగే రోడ్డే. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అయి ఉండొచ్చు. నేను ఎన్నోసార్లు ఆలోచించి, అయి ఉండొచ్చు అన్నదగ్గరే ఆగిపోయాను.

పదకొండో రోజు భోజనాలకి వెళ్ళాను. శామియానా కింద రెండు వరసలే ఉన్నాయి. ఊళ్ళో చాలామంది రాలేదు. రెండో వరస లేచే వేళకి కారులో ఇద్దరు దిగారు. పెద్దాయనకి యాభై ఉంటాయి, తెల్ల చొక్కా. రెండోవాడు కొంచెం చిన్నవాడు. ఫొటో ముందు దండం పెట్టుకుని, భోజనం వద్దని, ఆయన భార్య దగ్గరికి వెళ్ళారు. నేను ఆమె పక్కనే విస్తళ్ళు ఎత్తిస్తున్నాను.

"సార్ కాడ కొందరి ముక్కలుండేవమ్మా" అన్నాడు పెద్దాయన మర్యాదగా. "చిన్న డబ్బీ అయినా, కాయితమైనా, ఏదో ఉంటాది. మీకు దాంతో పనుండదు."

"నాకు తెలీదు బాబూ. ఆయన ఇంట్లో ఆ మాటలే ఆడేవారు కాదు."

"తొందర లేదమ్మా. ఎతకండి. మేం కూసుంటాం."

ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని వీధి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఆమె నా వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళు లేవరని నాకు అర్థమైంది. ఈ రోజు లేచినా రేపు వస్తారు, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు.

"అవి లేవండి" అన్నాను. "చెరిపేశారు."

"ఎవరు సెప్పేరు?"

"ఎవరో చెప్పడమేమిటి? నేను పక్కనే ఉన్నాను. పరికరం పగలగొట్టింది కూడా చూశాను."

పెద్దాయన తల ఊపాడు. "పగలగొట్టింది సూసేవు. అంతకు ముందు ఇంకో కాపీ తీసుకోలేదని ఎలాగ తెలుసు?"

  ఉన్నదాన్ని తీసి చూపించొచ్చు. లేనిదాన్ని ఎలా చూపించాలి? "ఆయన అలాంటి మనిషి కాదు" అన్నాను. చిన్నవాడు నవ్వాడు.

పెద్దాయన నవ్వలేదు. పక్కనున్న కుర్చీ నా వైపు జరిపాడు. "కూసోమ్మా. అయితే ఆ రోజు గదిలో ఉన్నది మీరిద్దరే అన్నమాట."

ఆయన భార్య గుమ్మంలో నిలబడి వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పుతోంది.

అతను ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నీ పేరేటి తల్లీ?"

చెప్పాను. ఒక్కో అక్షరం నొక్కుకుంటూ నిదానంగా రాసుకుని, "అనకాపల్లిలో ఏ వీధి?" అని అడిగాడు.